చెట్టూ చోటూ: నేరేడు చెప్పే సంగతి



మృగశిర కార్తె వచ్చి తొలకరి చినుకులు పడేసరికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బజార్లలో నేరేడు పండ్ల గంపలు దిగుతాయి. కొన్న పండ్ల మీద ఇంత ఉప్పు చల్లుకుని తింటే గొంతు కాస్త వగరుగా పట్టుకుంటుంది, నాలుక ఊదారంగుకు తిరుగుతుంది. ఈ పండును మనకు ఎవరూ పరిచయం చెయ్యనక్కర్లేదు. పూజకు కూర్చుని సంకల్పం చెప్పుకునేటప్పుడు మనం ఉంటున్న నేలను జంబూద్వీపం అంటాం. జంబూ అంటే నేరేడే. సూర్యాపేట జిల్లాలో నేరేడుచర్ల ఉంది, హైదరాబాదులో నేరేడ్‌మెట్ ఉంది. ఇంతగా మనదైన చెట్టును దక్షిణాఫ్రికా ప్రభుత్వం చొరబాటు మొక్కల జాబితాలో పెట్టింది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలోనూ ఇది అలాంటి జాబితాలో ఉంది. హవాయి దీవుల్లో మేత నేలలను నీడతో కమ్మేస్తున్నదని మందు కొట్టి చంపే ప్రయత్నాలు కూడా జరిగాయి. చెట్టు ఒక్కటే, పండు ఒక్కటే, గింజ ఒక్కటే. మన దగ్గర పూజ, అక్కడ శిక్ష. ఈ రెండు తీర్పుల్లో ఏది సరైనది? రెండూ సరైనవే అని ఈ పూట మీ ముందు వాదించదలచుకున్నాను. చెట్టు మంచిచెడ్డలు తేలేది ఆ చోటితో దానికి కుదిరిన పొత్తును బట్టి. ఈ మాట ఒప్పుకుంటే, మన మూడు జిల్లాల్లో రేపటి వానకాలం ఏ మొక్క ఎక్కడ నాటాలన్న ప్రశ్నకు కూడా వేరే జవాబు వస్తుంది.

ముందు చెట్టును దగ్గరగా చూద్దాం. నేరేడాకు ఒకటి తెంపి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. నడి ఈనె నుంచి రెండు వైపులకూ సన్నని ఈనెలు దగ్గర దగ్గరగా బయల్దేరి, అంచుదాకా పోకుండా కొంచెం లోపలే ఆగి, అంచు వెంబడి నడిచే ఇంకో ఈనెలో కలుస్తాయి. బట్టకు అంచు కుట్టినట్టు ఉంటుంది. ఆకు నిండా సూదిమొన అంత చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన వాటిదే. ఈ రెండు గుర్తులూ జామలో ఉన్నాయి, నీలగిరి చెట్టులో ఉన్నాయి, ఎందుకంటే ఇవన్నీ ఒకే కుటుంబం. లవంగం ఇంకా దగ్గరి చుట్టం. నేరేడు, లవంగం రెండూ సైజీజియం అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఇంగ్లీషులో దీన్ని జావా ప్లమ్ అంటారు గాని, చలిదేశాల ప్లమ్ పండుతో దీనికి చుట్టరికం లేదు. ఆ ప్లమ్ గులాబీ కుటుంబంలోది. ఎండాకాలంలో నేరేడు పూతకు వస్తుంది. ఆకులు రాలిపోయిన పాత రెమ్మల మీద తెల్లటి చిన్న పూలు గుత్తులు గుత్తులుగా విచ్చుకుంటాయి. పూరేకులు విడివిడిగా తెరుచుకోవు. అన్నీ అంటుకుని చిన్న టోపీలా ఊడిపడతాయి. మిగిలేది కేసరాల కుచ్చే. ఆ కుచ్చు మీద తేనెటీగలు మూగుతాయి. జూన్, జులైల్లో పండు. పండులో ఒకటే గింజ. ఆ గింజలో ఒక వింత ఉంది: చాలాసార్లు ఒక్క గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి. ఒకటి పాతితే రెండు మూడు మొలకలు పక్కపక్కనే లేస్తాయి. అయితే ఈ గింజ ఆయుష్షు చాలా తక్కువ. తడి ఆరిపోతే రెండు మూడు వారాల్లో మొలిచే శక్తి పోతుంది.

ఈ చివరి గుణాన్ని గుర్తుపెట్టుకోండి, వాదనకు అది కీలకం. కొన్ని గింజలు గాలికి ఎగిరిపోతాయి, కొన్ని ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోయి లేస్తాయి. నేరేడు గింజకు ఆ రెండూ చేతకావు. దాని సొంత సంచారం పిట్ట కడుపులో, గబ్బిలం నోట్లో, ఎలుగుబంటి పొట్టలో, వాగు నీళ్లలో సాగేది. అలా అది భారతదేశం, శ్రీలంక, మయన్మార్, ఆగ్నేయాసియా అంతటా విస్తరించింది. మహాసముద్రం దాటడం మాత్రం దాని వల్ల కాదు. దాటించాలంటే మనిషి పూనుకోవాలి, గింజను తడిగా దాచాలి, లేదా మొక్కను డబ్బాలో పెంచుతూ నీళ్లు పోస్తూ తీసుకుపోవాలి. కాబట్టి నేరేడు ఏ దూర దీవిలో కనిపించినా, దాని వెనక ఒక మనిషి ఇష్టపడి చేసిన పని ఉంది. 1911లో అమెరికా వ్యవసాయ శాఖ ఫిలిప్పీన్స్ వంటి చోట్ల నుంచి ఈ గింజలు తెప్పించింది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని వేరే ప్రజాతిలో చేర్చి పేరు పెట్టాడు. ఇప్పుడు శాస్త్రవేత్తలు వాడే సైజీజియం క్యుమిని అన్న పేరును స్కీల్స్ అనే ఆయన 1912లో పెట్టాడు. ఆ పేరు మొదట అచ్చయింది అమెరికా వ్యవసాయ శాఖ దిగుమతి మొక్కల జాబితాలోనే. మన జంబూవృక్షానికి నేటి శాస్త్రీయ నామం పరాయి దేశపు దిగుమతి పుస్తకంలో దక్కిందన్నమాట.

తెలుగువాళ్ల వలసదారి వెంట చూసినా ఈ చెట్టే ఎదురవుతుంది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. నేటాల్ చెరకు తోటలకు కూలికి పోయిన తొలి భారతీయులు అందులో ఉన్నారు. ఆ ప్రయాణానికి నెలకు పైగా పట్టింది, అంటే ఆరిన నేరేడు గింజ ఆయుష్షు కంటే ఎక్కువ. ఆ తర్వాత యాభై ఏళ్లలో లక్షన్నర మందికి పైగా ఆ దారిన పోయారు, వాళ్లలో తెలుగువాళ్లు వేలమంది. ఆ నేటాల్ ప్రాంతమే ఈనాటి క్వాజులు-నేటాల్. అక్కడి వాగుల ఒడ్డున ఇప్పుడు నేరేడు చొరబాటు చెట్టు. మారిషస్‌లో దీన్ని జాంబ్లోన్ అంటారు. ఫిజీలో స్థానికులకు తమ సొంత కవిక చెట్టు ఒకటి ఉంది, అదీ నేరేడు ప్రజాతిలోదే. మన నేరేడును వాళ్లు కవిక నీ ఇండియా, అంటే ఇండియా కవిక అంటారు. మనం పరాయి దేశం నుంచి వచ్చిన చెట్టును సీమచింత అనుకున్నట్టే, వాళ్లకు మనది సీమ నేరేడు. ఈ పిలుపుల్లోనే ఒక సత్యం ఉంది: ఎవరికి వాళ్లు తమ చోటు నుంచి చూసి చెట్టుకు పేరు పెడతారు. పరాయితనం చెట్టుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, చూసే చోటును బట్టి పడిన పేరు.

అక్కడ నేరేడు ఎందుకు హద్దు మీరింది? హవాయి సంగతి చూస్తే కారణం కళ్లకు కడుతుంది. 1870 నాటికే అక్కడ నేరేడు నాటుకుపోయింది. దానికి కొద్ది ముందు, 1865లో, పంటను తినే పురుగులను అదుపు చెయ్యడానికి హిల్లెబ్రాండ్ అనే వైద్యుడు మన గోరువంకను ఆ దీవులకు తెప్పించాడు. గోరువంకకు నేరేడు పండు పాత రుచి. మనదేశపు పిట్ట మనదేశపు పండును తిని, గింజను లోయ లోయకూ మోసింది. అలా విత్తనాన్ని మోసేవాడు వెంట వచ్చాడు. చెట్టును అదుపులో పెట్టేవాళ్లు మాత్రం వెంట రాలేదు. మన అడవిలో నేరేడు ఆకును గొంగళి పురుగులు కొరుకుతాయి, ఆకు మీద బుడిపెలు కట్టే కీటకాలున్నాయి, పండులో ఈగ గుడ్లు పెడుతుంది, గింజను పురుగు తొలుస్తుంది, మొలకను మేక మేస్తుంది, మిగిలినదాని పక్కన మద్ది, కానుగ నీళ్ల కోసం పోటీ పడతాయి. వందల తరాలుగా కుదిరిన లెక్క అది. అందుకే ఇక్కడ వేల గింజలు రాలినా వాగు వెంట ఒక్కో చెట్టు దూరదూరంగా నిలబడి ఉంటుంది. కొత్త నేలలో ఆ లెక్క చూసేవాళ్లు తక్కువ. దట్టమైన సతతహరితపు నీడ, ఒక్క గింజకు రెండు మూడు మొలకలు, విరగకాసే పండు: ఇక్కడ మనం మెచ్చుకునే గుణాలే అక్కడ కింద ఉన్న మొక్కలకు ఉరితాళ్లయ్యాయి.

ఇంటి దగ్గర ఇదే చెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ అడవికి పోవాలి. ఆ ప్రాంతం దసలి పట్టుకు పేరున్నది. దసలి పురుగుకు మొదటి తిండి మద్ది ఆకు. నేరేడాకు కూడా దానికి పనికొస్తుంది, రెండో వరుసలో. అంటే మద్ది పక్కన నేరేడు ఉన్న అడవిలో ఆ పురుగుకు ఒక చెట్టు తగ్గినా ఇంకో చెట్టు ఆసరా. ఆ పురుగు నుంచి దారం, దారం నుంచి మగ్గం, మగ్గం నుంచి ఒక ఇంటి బతుకు. తొలకరి వేళ అడవిలో తిండి కరువైన రోజుల్లో ఎలుగుబంటికి, కోతికి, పునుగుపిల్లికి ఈ పండే ఆకలి తీరుస్తుంది. వాగు ఒడ్డున నాలుగు రోజులు నీళ్లు నిలిచినా నేరేడు తట్టుకుంటుంది. దాని కర్ర నీళ్లలో తొందరగా కుళ్లదని మన పెద్దలకు తెలుసు. అందుకే బావి తవ్వితే అడుగున నేరేడు చెక్క వేసేవాళ్లు. ఒక చెట్టు మనది అంటే అర్థం ఇదీ. అది ఇక్కడ పుట్టిందన్న గర్వం మాత్రమే అయితే నాలుగు రోజుల్లో పాతబడుతుంది. పురుగు, పిట్ట, నీరు, బావి, మగ్గం దాన్ని తమ లెక్కలో చేర్చుకున్నాయి, అందుకే అది మనది.

ఇప్పుడు ఇదే కొలతను తిప్పి మన వైపు పెడదాం. నేటాల్ వాగుకు నేరేడు ఎలాంటిదో, మన చెరువుకు సర్కారు తుమ్మ అలాంటిది. అమెరికా ఖండానికి చెందిన ఆ చెట్టును 1877 ప్రాంతంలో కరువు నేలల్లో వంటచెరకు కోసమని కడప ప్రాంతంలో నాటారు. నాటినవాళ్ల ఉద్దేశం మంచిదే. ఒకటిన్నర శతాబ్దం తర్వాత మన చెరువు శిఖాలు, వాగు పోరంబోకులు, బీడు చెలకలు ఎక్కడ చూసినా అదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచెయ్యాలని సంకల్పిస్తే, చాలాచోట్ల పూడిక తియ్యడం కంటే ముందు తుమ్మ కొట్టాల్సి వచ్చింది. ఈ మధ్యకాలంలో కోనోకార్పస్‌ది అదే కథ. తొందరగా పెరుగుతుందని, పశువు ముట్టదని రోడ్ల మధ్యనా, బళ్ల ముందరా బారులు తీర్చి నాటారు. పశువు ముట్టకపోవడం నాటేవాడికి సౌకర్యమే. కాని పశువు ముట్టని, పిట్ట తినని, పురుగు కొరకని చెట్టు ఆ నేలతో ఏ పొత్తూ కుదుర్చుకోని చెట్టు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడమే నిషేధించింది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. బయటి నుంచి వచ్చిందల్లా చెడ్డదా? మహబూబాబాద్ రైతు బతుకులో సగం మిరపతో ముడిపడి ఉంది, మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. మక్కజొన్న అక్కడిదే. జామ అక్కడిదే. మన గుట్టల మీద తనంతట తాను కాసే సీతాఫలం కూడా అక్కడిదే. దసరా దినాల్లో సీతాఫలం లేని తెలంగాణ పల్లెను ఊహించగలమా? ఈ అభ్యంతరం నిజమే, నేను దాన్ని కాదనను. నిజానికి అది నా వాదనకే బలం. మిరపను రైతు నారు పోసి, నాటి, నీళ్లు కడితేనే నిలుస్తుంది. చేయి తీస్తే ఆ ఏడుతోనే సరి. సీతాఫలం చేయి దాటి గుట్టెక్కింది, కాని గుట్ట మీద మిగతా చెట్ల పక్కన సర్దుకుంది. పిట్టకు, కోతికి, పండ్లు ఏరి బుట్టల్లో అమ్ముకునే ఆడవాళ్లకు తిండి పెట్టింది. కాబట్టి ఎక్కడ పుట్టావని చెట్టును నిలదియ్యడం నా ఉద్దేశం కాదు. ఇక్కడ ఎవరితో కలిసి బతుకుతావని అడగాలి. మన చేతిలో ఉంటావా, చేయి దాటితే చుట్టూ ఉన్నవాటిని బతకనిస్తావా అని అడగాలి. ఈ ప్రశ్నలకు జామ నెగ్గుతుంది, సర్కారు తుమ్మ ఓడిపోతుంది.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది. పిట్టలు, ఏర్లు, గాలులు ఎప్పటినుంచో మొక్కలను మోస్తూనే ఉన్నాయి కదా, మనిషి మోస్తే తప్పేమిటి అని. తప్పు మోయడంలో లేదు, వేగంలో ఉంది. పిట్ట గింజను ఒక కోసు దూరం మోస్తుంది. ఆ కోసు దూరంలోనూ పాత పురుగులు, పాత పోటీదారులు ఉంటారు. చెట్టు, దాన్ని తినేవాళ్లు ఇద్దరూ కలిసి మెల్లగా జరుగుతారు. ఓడ, విమానం వేల మైళ్లు ఒక్క ఊపున దాటిస్తాయి, చెట్టును తెచ్చి దాని శత్రువులను రేవులోనే వదిలేస్తాయి. నేరేడు గింజ రెండు మూడు వారాల్లో చచ్చిపోవడం ఒక రకంగా ప్రకృతి గీసిన హద్దు. ఆ హద్దును దాటించగలిగిన మనిషికి, దాటించాక ఏమవుతుందో ఆలోచించే బాధ్యత కూడా ఉంటుంది.

మూడో అభ్యంతరం పని చేసేవాళ్ల నుంచి వస్తుంది, దానికి గౌరవంగా జవాబు చెప్పాలి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలి. బతకకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబు చెప్పాలి. ఈ నియమం మంచి ఉద్దేశంతో పెట్టిందే. నాటి ఫొటో దిగి మరిచిపోయే అలవాటుకు అది కళ్లెం వేసింది. కాని నీళ్ల ట్యాంకరు అందని ఊళ్లో లెక్క నిలబెట్టాల్సిన మనిషి ఏ మొక్కను ఎంచుకుంటాడు? మేక ముట్టనిదీ, ఎండకు చావనిదీ, ఏడాదిలో కంటికి కనపడేదీ ఎంచుకుంటాడు. గింజ నుంచి పెంచిన నేరేడు కాతకు రావాలంటే ఎనిమిది పదేళ్లు పడుతుంది, మొదటి రెండేళ్లు కంచె కావాలి, నీళ్లు కావాలి. దోషం సర్పంచిది కాదు, మనం లెక్కపెట్టే పద్ధతిది. ఎన్ని బతికాయని అడుగుతున్నాం. ఆ బతికినవాటి మీద ఎన్ని బతుకుతున్నాయని కూడా అడగాలి. ఐదో ఏట ఆ చెట్టు కిందికి పోయి పిట్టగూళ్లు చూడవచ్చు, పూతలో తేనెటీగలు చూడవచ్చు, కింద రాలిన పండు చూడవచ్చు. ఇవి పంచాయతీ రిజిస్టరులో రాయగలిగిన సంగతులే. ఒక్క వరుస పెంచితే చాలు.

అయితే నేరేడు మనదే కదా అని మూడు జిల్లాల నిండా అదే నాటాలని చెబితే, నేను ఇంతసేపు చెప్పిన దానికి నేనే ద్రోహం చేసినట్టు. మనది అన్నమాట కూడా జిల్లా దాటితే మారుతుంది, కొన్నిసార్లు ఊరి పొలిమేర దాటినా మారుతుంది. జనగామ మెట్టనేల. రాళ్ల గుట్టలు, ఎర్ర చెలకలు, తక్కువ వాన. ఆ చెలక గెట్టు మీద నేరేడు నాటితే ఏటా ఎండకు కష్టపడుతుంది. అక్కడ రేగు, వేప, మోదుగు, తాటి ఉండాలి. జనగామలో నేరేడుకు చోటు చెరువు కట్ట కింద, ఊరి పెద్దబావి పక్కన, తడి నిలిచే పల్లంలో. మహబూబాబాద్‌కు మానుకోట అని పాత పేరు. మాను అంటే చెట్టే కదా. ఆకేరు, మున్నేరు పారే ఆ జిల్లాలో వాగు ఒడ్లు కోసుకుపోయే చోట్ల నేరేడు, మద్ది, కానుగ కలిపి వరుసలు కట్టడం న్యాయం. కాకతీయుల నాటి బయ్యారం చెరువు దగ్గరా ఇదే మాట. భూపాలపల్లికి వాన ఎక్కువ, అడవీ ఎక్కువ, పెద్ద వరదలూ ఎక్కువే. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన సంగతి ఎవరూ మరువలేదు. అంతటి వరదను చెట్టు ఒక్కటే ఆపుతుందని నేను చెప్పను. కాని ఏటేటా వచ్చే మామూలు ప్రవాహానికి ఒడ్డు కరిగిపోకుండా వేరు పట్టుకోగలదు. ఆ ఒడ్డున నేరేడుకు సొంత హక్కు ఉంది. పట్టణాల్లో మాత్రం నాలుగు వరుసల రోడ్డు మధ్యన దీన్ని నాటవద్దు. పండు రాలి, బండి జారి, మరక పడి, చివరికి జనం చెట్టునే తిట్టుకుంటారు. తప్పు చోట పెట్టి మంచి చెట్టుకు చెడ్డపేరు తేవడం కూడా అన్యాయమే.

గింజల పొడి గురించీ ఒక్క ముక్క. నేరేడు గింజ చక్కెర జబ్బును తగ్గిస్తుందన్న నమ్మకం మన వైద్యంలో చాలా పాతది, పరిశోధనాశాలల్లో దాని మీద పనీ జరుగుతున్నది. కాని డాక్టరు ఇచ్చిన మందు మానేసి పొడి మింగడం ప్రమాదం. చెట్టు విలువ నిలబెట్టడానికి దానికి లేని మహిమలు అంటగట్టనక్కర్లేదు.

శ్రోతలారా, ఈసారి నేరేడు పండు తిన్నాక గింజ పారేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. రెండు మూడు వారాలే దాని గడువు. ఆ గడువులో అది ఒక వాగు ఒడ్డుకు చేరితే రేపటి పిల్లలకు నీడ, పిట్టకు తిండి, ఒడ్డుకు వేరు. మీ ఊళ్లో ఆ ఒడ్డు ఎక్కడుందో ఏ శాఖ కంటే కూడా మీకే బాగా తెలుసు. ఆ గింజను తడి ఆరకముందే అక్కడికి చేర్చండి. నర్సరీ వాళ్లు మొక్క ఇస్తే, తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఇది మా ఊళ్లో ఎక్కడ నిలుస్తుంది? దీని మీద ఎవరు బతుకుతారు? జవాబు దొరికిన మొక్కను ఇంటికి తెచ్చుకోండి, అది ఏ దేశంలో పుట్టినా సరే. జవాబు దొరకని మొక్కను అక్కడే ఉంచండి, అది ఎంత పచ్చగా ఉన్నా సరే.